స్టేషన్ నుంచి ఫోన్ చేసి రమ్మంటే వెళ్లాల్సిందేనా? పోలీసుల అధికారం ఎంతవరకు?

పొలం గట్టు తగాదాలో 62 ఏళ్ల మీ నాన్నగారిని స్టేషన్‌కు రమ్మని ఫోన్ చేశారు, వెళ్లకపోతే పట్టుకుపోతారా, అసలు పోలీసులకు ఎంత అధికారం ఉంది అని అడిగారు. నేను లాయర్‌ను కాను. కావలిలో కోర్టు దగ్గర డీటీపీ, జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. స్టేషన్లో ఇచ్చే ఫిర్యాదులు, ఎస్పీ గారికి పెట్టే అర్జీలు టైపు చేయడమే నా పని. రోజూ ఇదే చూస్తున్నవాడిగా చెబుతున్నాను. పోలీసుల అధికారం చాలా పెద్దది, కాదనను. కానీ చట్టం ఆ అధికారాన్ని దాదాపు ప్రతి అడుగులోనూ కాగితానికి కట్టేసింది. మర్యాదగా మాట్లాడండి, కాగితం అడగండి.

పోలీసులు దర్యాప్తు, అరెస్టు ఎలా చేయాలో చెప్పే చట్టం పాత సీఆర్‌పీసీ. 2024 జులై 1 నుంచి అది పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 179వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తులో సాక్షిగా ఎవరినైనా పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు, వాళ్లుండే చోటికే వచ్చి మాట్లాడాలి. ఇంతకుముందు ఈ వయసు 65గా ఉండేది. నిందితుడిగా పిలిచినా, అరెస్టు అవసరం లేని కేసుల్లో 35వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. మన దగ్గర ఇప్పటికీ అందరూ 41ఏ నోటీసు అనేది దీన్నే. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఒక జాగ్రత్త. ఈ 35వ సెక్షన్ నోటీసు చేతికి వచ్చాక మాత్రం తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది.

కాగితం అడిగితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా బావకు అల్లూరు వైపు రొయ్యల చెరువు ఉంది. ఒక ఏడాది వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి పంట మొత్తం పోయింది, మేత డీలరుకు బాకీ పడ్డాడు. డీలరు నేరుగా స్టేషన్‌కు పోయాడు. ఫోన్ రాగానే బావ ఒక్కడే వెళ్లాడు. పొద్దున వెళ్లినవాడిని సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. తిట్టలేదు, కొట్టలేదు. స్టేషన్లో రాతపని చూసే రైటర్ గదిలో ఒక తెల్లకాగితం ముందు పెట్టి, మూడు నెలల్లో మొత్తం కడతానని రాసి సంతకం పెట్టమన్నారు, అంతే. నేను వెళ్లేసరికి మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు, పెన్ను చేతిలోనే ఉంది.

"సార్, కేసు కట్టి ఉంటే నోటీసు ఇవ్వండి, సంతకం పెట్టి తీసుకుంటాం. కట్టకపోతే మమ్మల్ని పంపించండి" అన్నాను ఎస్‌ఐ గారితో. నువ్వెవరు, లాయరువా అని ఆయన గట్టిగానే అడిగారు. బావమరిదిని సార్ అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ మాత్రం మెల్లగా, "అప్పు గొడవ కదా సార్, కోర్టుకు పొమ్మందాం" అన్నాడు. పంపించేశారు. తర్వాత డీలరు బావ ఇచ్చిన చెక్కు మీద కోర్టులో కేసు వేశాడు. చివరకు లోక్ అదాలత్‌లో వాయిదాల మీద రాజీ కుదిరింది. బాకీ కట్టాల్సిందే, అందులో నాకేం అనుమానం లేదు. ఆ బాకీని వసూలు చేసే అధికారం మాత్రం పోలీసులకు లేదు. గట్టు తగాదా కూడా అంతే. కొట్టుకుంటే, బెదిరిస్తే, పైరు పాడుచేస్తే పోలీసులు రావాలి. గట్టు ఎవరిదో తేల్చాల్సింది సర్వేయరు, సివిల్ కోర్టు.

కాగితం మీద చట్టానికి ఇంత పట్టింపు ఎందుకంటే, దానికి మన ప్రాంతపు చరిత్రే కారణమని నేననుకుంటాను. కంపెనీ పాలనలో నెల్లూరు మద్రాసు రాజధానిలో ఉండేది. అప్పట్లో శిస్తు వసూలు చేసే రెవెన్యూ సిబ్బంది చేతిలోనే పోలీసు పని కూడా ఉండేది. కట్టలేని రైతులను ఎండలో వంచి నిలబెట్టడం, కిట్టి అనే చెక్క పనిముట్టుతో వేళ్లు నలపడం లాంటివి జరిగేవని మద్రాసు ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే 1855లో రాసింది. ఆ తర్వాత 1859 చట్టంతో రెవెన్యూ నుంచి విడదీసి వేరే పోలీసు శాఖ పెట్టారు. 1861లో దేశంలో మిగతా చాలా ప్రాంతాలకు పోలీసు చట్టం వచ్చింది. 1872 సాక్ష్య చట్టమైతే పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని చెప్పేసింది. పేరు మారినా ఆ నియమం నేటికీ ఉంది. తన పోలీసును తానే నమ్మని ప్రభుత్వం రాసిన చట్టాల మీద మనం ఇంకా నడుస్తున్నాం.

కాగితం మనుషులను తొక్కడానికి కూడా పనికొచ్చింది, అదీ మా ఊళ్లోనే. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్తులుగా రిజిస్టరులో ఎక్కించారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంట్‌లో ఉంచి హాజరు వేయించేవారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఇప్పటికీ ఎక్కడైనా దొంగతనం జరిగితే ముందుగా ఎరుకల, యానాది కుర్రాళ్లనే అనుమానించేవాళ్లు ఉన్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

పోలీసులందరూ ఒకటేనని మాత్రం అనను. నెల్లూరు రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు గట్టున రాత్రీ పగలూ నిలబడి తప్పిపోయిన పిల్లలను వెతికి అప్పగించే కానిస్టేబుళ్లను చూడండి. బందోబస్తు వేసినప్పుడు వాళ్లకు తిండికీ నిద్రకూ వేళ ఉండదు. మొన్నీమధ్య ఒక పెద్దామె రైల్లో నగల సంచి పోగొట్టుకుంది. బిట్రగుంటలో పోయిందో, సింగరాయకొండలో పోయిందో ఆమెకే తెలియదు. నా షాపులో ఫిర్యాదు రాయించుకుని తీసుకెళ్తే, మా పరిధి కాదని తిప్పకుండా జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధి చూడకుండా ఏ స్టేషన్లోనైనా కట్టే కేసు, కట్టి, అది తర్వాత ఏ స్టేషన్‌కు వెళుతుందో ఆ రైటరే వివరంగా చెప్పి పంపాడు. జీరో ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది, ఎఫ్‌ఐఆర్ కాపీ కూడా ఉచితంగా ఇవ్వాలి.

మీరే ఎదురు ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే తేదీ, టైము, చోటు, ఎవరు ఏం చేశారు, ఎవరు చూశారు అన్నవి రాయండి, పాత పగలన్నీ ఏకరువు పెట్టకండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఫిర్యాదు తీసుకోము అని స్టేషన్లో అంటే ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు స్వయంగా కూడా తీసుకుంటారు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటుకు పిటిషన్ వేయవచ్చు, దానికి ఆ పోస్టు రసీదు అవసరం పడుతుంది. ఈలోగా మళ్లీ ఫోన్ వస్తే నాన్నగారి బదులు మీరే మాట్లాడండి. ఆయన వయసు చెప్పి, ఇంటికి వస్తే మాట్లాడతారని చెప్పండి. ఫోన్ చేసినవారి పేరు, హోదా, టైము ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.