కంప్యూటర్ సందేహాలు: పాత స్టోరేజ్ పెట్టెలో ముందు కాపీ, తరువాతే మరమ్మతు

ప్రశ్న: మాది విజయనగరం, కంటోన్మెంట్ ప్రాంతం. మా నాన్నగారి కాలం నుంచి ఫొటో స్టూడియో నడుపుతున్నాం. 2013లో కొన్న రెండు డిస్కుల నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలో పెళ్ళిళ్ళ ఫొటోలు, ఏటేటా తీసిన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చిత్రాలు, సంగీత కళాశాలలో జరిగిన కచేరీలను నాన్నగారు టేపుల మీద రికార్డు చేస్తే నేను కంప్యూటర్లోకి ఎక్కించిన ఆడియో ఫైళ్ళు ఉన్నాయి. రెండూ 2 టీబీ డిస్కులే. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. పది రోజుల క్రితం మొదటి డిస్కుకు ఎర్ర లైటు వెలిగింది. రెండోది పనిచేస్తోంది గాని ఒక్కో ఫోల్డరు తెరుచుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతోంది. కొత్త డిస్కు కొని పెడితే పెట్టె తనంతట తానే సర్దుకుంటుందని షాపులో చెప్పారు. పెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. షాపువారు చెప్పింది అబద్ధం కాదు; మిగిలిన డిస్కు ఆరోగ్యంగా ఉంటే చేయవలసిన పని అదే. కాని మీ రెండో డిస్కు కూడా అదే సంవత్సరం కొన్నది, అదే వేడిలో, అదే కరెంటు కోతల మధ్య మొదటిదానితో సమానంగా తిరిగినది. కొత్త డిస్కు పెట్టగానే మొదలయ్యే రీబిల్డ్‌లో, అంటే పాత డిస్కులోని సమాచారంతో కొత్తదాన్ని నింపే పనిలో, సాధారణంగా ఆ పాత డిస్కును ఖాళీ భాగంతో సహా మొదటి నుంచి చివరి వరకు, మొత్తం 2 టీబీ, విరామం లేకుండా చదవవలసి వస్తుంది. ఫోల్డరు తెరవడానికే నిమిషాలు తీసుకుంటున్న డిస్కు మీద అంత బరువు వేస్తే అది మధ్యలోనే ఆగిపోవచ్చు. అప్పుడు మీ చేతిలో ఒక చెడిపోయిన డిస్కు, ఒక ఆగిపోయిన డిస్కు, ఒక సగం నిండిన డిస్కు మిగులుతాయి.

ముందుగా ఆ పెట్టె సెట్టింగుల పేజీలో 'స్మార్ట్' అనే డిస్కు ఆరోగ్య పట్టికను చూడండి. అందులో 5, 197, 198 సంఖ్యల ఎదుట 'రా వాల్యూ' (ముడి విలువ) అనే గడిలో ఉన్న అంకెలే మనకు ముఖ్యం. 5 అంటే చెడిపోయిన సెక్టార్లకు (డిస్కు సమాచారం రాసుకునే చిన్న చిన్న భాగాలకు) బదులు డిస్కు ఇప్పటికే వాడుకున్న అదనపు సెక్టార్ల లెక్క. 197 అంటే చదవలేక ఇంకా తేల్చుకోకుండా పక్కన ఉంచినవి. 198 అంటే డిస్కు తనను తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి. 197 ఎదుట సున్నా కాక మరే సంఖ్య ఉన్నా, ఆ డిస్కుకు ఇక మరమ్మతు ఆలోచన పెట్టుకోకుండా, దానిలోని సమాచారాన్ని బయటకు తేవడం గురించే ఆలోచించాలి.

అలాంటి స్థితిలో పెట్టెను వెంటనే ఆపి డిస్కు మొత్తానికి నకలు తీయడమే శాస్త్రీయమైన పద్ధతి. అయినా మీ విషయంలో ఒక చిన్న మినహాయింపు ఇస్తాను. పెట్టె ఇంకా ఫైళ్ళు ఇస్తోంది కనుక, నాన్నగారి ఆడియో ఫోల్డరును మాత్రం ఈరోజే వేరే డిస్కులోకి కాపీ చేయండి. పెళ్ళి ఫొటోలకు ఆల్బమ్ రూపంలోనైనా ఆ కుటుంబాల దగ్గర ప్రతి ఉంటుంది. ఆ కచేరీలకు మరో ప్రతి లేదు. సీడీ నాణ్యతలో ఒక గంట ఆడియో సుమారు 635 ఎంబీ ఉంటుంది కనుక వంద గంటల సంగీతమైనా 64 జీబీ దాటదు. సెకనుకు 40 ఎంబీ వేగం వస్తే అది అరగంట పని. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ ప్రోగ్రాము వాడేటట్లయితే, చదవలేని ఫైలు దగ్గర మళ్ళీ ప్రయత్నించే సంఖ్యను 1కి, మధ్యలో ఆగే సమయాన్ని 1 సెకనుకు తప్పకుండా తగ్గించండి. అలా చెప్పకపోతే ఆ ప్రోగ్రాము 30 సెకన్లకు ఒకసారి చొప్పున పది లక్షల సార్లు అదే ఫైలును అడుగుతూ కూర్చుంటుంది. నీరసించిన డిస్కుకు అంతకన్నా హాని లేదు.

ఆడియో బయటపడిన తరువాత పెట్టెను మెనూ ద్వారా పద్ధతిగా ఆపి, డిస్కులు బయటకు తీయండి. తీసే ముందే ఏది ఏ అరలోదో పెన్నుతో వాటి మీద రాయండి. రెండో డిస్కును విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే 'ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా' అనో, 'ఇనిషియలైజ్ చేయాలా' అనో అడగవచ్చు. డిస్కు ఖాళీ అయిపోయిందని కంగారు పడకండి. ఇలాంటి పెట్టెలలో చాలావరకు లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతిలో, ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్‌తో రాస్తాయి. విండోస్‌కు దానిని చదవడం రాదు, అంతే. ఏది అడిగినా 'వద్దు' అనే చెప్పాలి.

ఇక నకలు తీసే పని. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉబుంటు అనే లినక్స్, అందులో ఉచితంగా దొరికే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రాము చాలు. మామూలు కాపీ చెడ్డ చోట మొండిగా ఆగిపోతుంది. ఇది అలా కాదు. మొదట సులువుగా వచ్చే భాగాలన్నీ తెచ్చేసి, మొరాయించిన చోట్లను వదిలి, చివర మళ్ళీ వాటి దగ్గరకు వస్తుంది. ఎక్కడి వరకు వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా, డిస్కు వేడెక్కిందని మీరే ఆపినా, ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు. ఆ మ్యాప్ ఫైలును పాత డిస్కులో కాకుండా వేరే చోట ఉంచాలి. అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది ఇక్కడే: ఆదేశంలో మొదట రాసేది పాత డిస్కు పేరు, రెండోది కొత్త డిస్కు పేరు. ఇవి తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ ఫొటోల మీద పడుతుంది. ఎంటర్ నొక్కే ముందు, డిస్కు మీది స్టిక్కరులో ఉన్న సీరియల్ నంబరును తెర మీది నంబరుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి, పక్కన మరొకరిని కూర్చోబెట్టుకుని పైకి చదివించండి.

నకలు పూర్తయ్యాక పాత డిస్కును పక్కన పెట్టి, ఇకపై ప్రయత్నాలన్నీ నకలు మీదనే చేయాలి. మీ పెట్టెలోలా రెండు డిస్కులలో ఒకే సమాచారం ఉంచడాన్ని మిర్రర్ అంటారు. నకలును లినక్స్‌లోని ఎండీఏడీఎం అనే పనిముట్టుతో, రాయడానికి వీలులేని రీతిలో, జత లేని ఒంటరి మిర్రర్‌గా తెరవవచ్చు. కొన్ని పాత పెట్టెలు సమాచారాన్ని 64 కేబీ బ్లాకులతో, అంటే మామూలుకన్నా పెద్ద ముక్కలుగా, రాశాయి. మామూలు కంప్యూటర్లోని లినక్స్ కూడా వాటిని నేరుగా తెరవకపోవచ్చు, అప్పుడు ఫ్యూజ్ ఈఎక్స్‌టీ2 వంటి ప్రోగ్రాము కావాలి. ఫైళ్ళు కనిపించగానే పని అయిపోయిందనుకోవద్దు. చెడ్డ సెక్టార్ల మీద పడిన ఫొటో పేరు, సైజు సరిగానే ఉంటాయి. తెరిచి చూస్తే సిరిమాను చివర కూర్చున్న పూజారి కనిపించి, కింద మూడు లాంతర్ల దగ్గరి జనమంతా బూడిద రంగు పలక అయిపోయి ఉంటుంది. అలాంటి ఫొటో దొరికితే, ఎర్ర లైటు వెలిగిన మొదటి డిస్కులో ఆ భాగం బాగానే ఉండే అవకాశం ఉంది. అందుకే దానిని పారవేయవద్దంటున్నాను.

డిస్కు టక్‌టక్‌మని చప్పుడు చేస్తే మాత్రం ఇవేవీ చేయకుండా ఆపి, శుభ్రమైన గది ఉన్న రికవరీ సంస్థకు పంపండి. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా వినకండి. లోపల తేమ పట్టి ఉన్నదీ పోతుంది.

మీ ఉత్తరంలో నన్ను బాధించిన మాట, 'ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది' అన్నది. పన్నెండేళ్ళకు పైగా దానినే మీరు బ్యాకప్ అనుకున్నారు. పొరపాటున ఒక ఫోల్డరును తొలగిస్తే మిర్రర్ రెండో డిస్కులోనూ అదే క్షణంలో తొలగిస్తుంది. కొత్తగా 4 టీబీ బయటి డిస్కులు రెండు కొని, ఒకటి స్టూడియోలో, కాపీ అయ్యాక ప్లగ్ తీసేసి, ఉంచండి. రెండోది వేరే ఊళ్ళో ఉండాలి. శ్రీకాకుళంలో బంధువుల ఇల్లు చాలుననిపించవచ్చు. దొంగతనానికీ, అగ్నిప్రమాదానికీ అది చాలు. కాని 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ ఉత్తరాంధ్రలోని అప్పటి మూడు జిల్లాలనూ కుదిపింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది. అందుచేత హైదరాబాదులో ఉన్న బంధువుల ఇల్లో, కనీసం ఆడియో మేరకు క్లౌడో నయం. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్‌తో 64 జీబీ ఏడెనిమిది గంటలలో ఎక్కుతుంది.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మా పాత నెట్‌వర్క్ డిస్కు కనిపించడం లేదు. పాత ల్యాప్‌టాప్‌లో కనిపిస్తోంది. డిస్కు చెడిపోయినట్టా?

జవాబు: చెడిపోలేదు. మీ పెట్టె ఎస్‌ఎంబీ1 అనే, నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే పాత భాషలో మాట్లాడుతూ ఉండాలి. 2017 మే నెలలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై అనే హానికర ప్రోగ్రాము వ్యాపించింది దానిలోని లోపం ద్వారానే. ఆ ఏడాది చివరి నుంచి విండోస్ ఎస్‌ఎంబీ1ను మామూలుగా వేయడం మానేసింది. పెట్టె సెట్టింగులలో ఎస్‌ఎంబీ2 ఉంటే దానిని ఎంచుకుని, పాస్‌వర్డ్‌తో ఒక యూజర్‌ను పెట్టండి. పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశాన్ని కొత్త విండోస్ తిరస్కరించవచ్చు. ఎస్‌ఎంబీ2 లేకపోతే, పాత ల్యాప్‌టాప్ ద్వారానే ఫైళ్ళన్నీ బయటకు తెచ్చుకుని ఆ పెట్టెకు విశ్రాంతి ఇవ్వండి. అప్పటి వరకు బయటి ఊళ్ళ నుంచి చూసే సౌకర్యాన్ని ఆపి, రౌటర్‌లో దాని కోసం తెరిచిన పోర్టు ఏదైనా ఉంటే మూసివేయండి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెలను ఇంటర్నెట్ ద్వారా దుండగులు ఖాళీ చేశారు. వాటికి 2015 నుంచి సాఫ్ట్‌వేర్ నవీకరణలు లేవు. మీ పెట్టెకు చివరి నవీకరణ ఎప్పుడు వచ్చిందో దాని సెట్టింగుల పేజీలోనే ఉంటుంది, ఒకసారి చూసుకోండి.