నెదర్లాండ్స్‌లో హెర్రింగ్ చేపను పచ్చిగానే తింటారా?

వండరు, నిజమే. అలాగని వలలోంచి తీసింది తీసినట్టు నోట్లో వేసుకునేదీ కాదు. మొప్పలు, పేగులు తీసేసి క్లోమాన్ని మాత్రం లోపలే ఉంచి ఉప్పు పట్టిస్తారు. ఆ క్లోమంలోని ఎంజైములే మాంసాన్ని మెత్తబరిచి రుచి తెస్తాయి. ఒకరకంగా ఊరగాయ ఊరడం లాంటిదే. పురుగుల భయం లేకుండా మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు గడ్డకట్టిస్తారు కూడా.

జూన్ మధ్యలో వచ్చే కొత్త సరుకుకు మంచి గిరాకీ. అందులో కొవ్వు కనీసం 16 శాతం ఉండాలి, అందుకే వెన్నలా ఉంటుంది. మన ఎండుచేపంత ఉప్పగా ఉండదు.

బండి దగ్గర తోలు, ముల్లు తీసి, తోక ఉంచి, సన్నగా తరిగిన ఉల్లిపాయతో ఇస్తారు. తోక పట్టుకుని, తల వెనక్కి వాల్చి, కింది నుంచి కొరుక్కుంటూ తినడం ఒక పద్ధతి (ఫొటోలకు బాగుంటుంది, చొక్కాకు కాదు). ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే ముక్కలు కోసి, ఊరబెట్టిన కీరాతో ఇస్తారు. మొదటిసారి తినేవాళ్లకు అదే సుఖం. మరీ భయమేస్తే బన్నులో పెట్టించుకోండి. ఎలా తిన్నా, ముందే శుభ్రం చేసి పెట్టింది కాకుండా మీ కళ్లముందు కోసిచ్చే చోటే కొనండి.