మీటింగ్‌లో అందరూ తలూపుతారు, తెల్లారి "మాకు చెప్పలే" అంటారు: ఏం చేయాలి?

హనుమకొండ జిల్లాలో గ్రామైక్య సంఘానికి (ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం) కొత్తగా అధ్యక్షురాలైన అక్క అడిగారు: మీటింగ్‌లో ఇద్దరు ముగ్గురే మాట్లాడుతున్నారు, మిగతావాళ్లు సంతకం పెట్టి పోతున్నారు, తర్వాత పేచీ వస్తోంది అని.

ముందు ఒక లెక్క చూడండి అక్కా. ఊళ్లో 20 సంఘాలుంటే, సంఘానికి ఇద్దరు లీడర్ల చొప్పున మీ ముందు కూర్చునేది 40 మంది. ఒక్కో సంఘంలో 10 నుంచి 15 మంది సభ్యులు, అంటే మొత్తం 200 మందికి తక్కువ ఉండరు. "మాకు చెప్పలే" అనేది ఎక్కువగా మీటింగ్‌కు రానివాళ్లే. మాట లీడర్ల దగ్గరే ఆగిపోతోంది.

దీనికి పెద్ద కారణం రిజిస్టర్. వచ్చీ రాగానే తీర్మానం పేజీ కింద సంతకాలు తీసుకుంటే, ఇక ధ్యాసంతా ఇంటి మీదే. హాజరు మొదట వేయండి, తీర్మానం సంతకం మాత్రం ఆఖరుకే. అంతకంటే ముందు, మాట్లాడని ఇద్దరిని చూసి "అక్కా, రేపు మీ సంఘంల ఈ ముచ్చట ఎట్ల చెప్తవో ఒకసారి చెప్పు" అనండి. ఆమె తప్పు చెబితే "నేనే సక్కగ చెప్పలేనట్టుంది" అని మళ్లీ చెప్పండి. పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతే తీర్మానం రాయించి, పైకి చదివించి, సంతకాలు. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. కాలేదని నలుగురిలో ఎవరూ అనరు.

మిత్తి శాతాల్లో చెప్పకండి. ఏడాదికి 12 శాతం అంటే తలూపుతారు, నూటికి రూపాయి అంటే అక్కడికక్కడే లెక్క కడతారు. 20 వేలు తీసుకుంటే మొదటి నెల మిత్తి 200. అసలులో 2 వేలు కడితే వచ్చే నెల 180. బోర్డు మీద రాయండి.

మీకు కుర్చీ, వాళ్లకు జంపఖానా వద్దు. బతుకమ్మ చుట్టూ నిలబడ్డట్టు గుండ్రంగా కూర్చోండి. పత్తి ఏరే రోజుల్లో వంటలయ్యాకే పెట్టుకోండి, పొద్దుగూకే వేళ పిలిస్తే వచ్చినవాళ్లు కూడా నిలబడే వింటారు. వాట్సాప్‌లో పొడుగు మెసేజ్ దండగ. చాలా ఇళ్లలో ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది. అర నిమిషం వాయిస్ చాలు: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ పాస్‌బుక్ తేవాలి.

ఇక కిస్తీ ఆగినవాళ్లు. ఇక్కడే సంఘాలు చీలేది. ఒకామె కట్టకపోతే బ్యాంకు సంఘం మొత్తానికీ కొత్త లోను ఆపుతుందని మిగతావాళ్లు మీటింగ్‌లోనే విరుచుకుపడతారు, ఆమె మళ్లీ రాదు. మీటింగ్‌కు రెండు రోజుల ముందే ఇంటికి వెళ్లండి, అత్తగారి ముందు గానీ వాకిట్లో గానీ ఆ మాట ఎత్తకండి. "ఎందుకు కట్టలే?" అనకుండా "ఏమైందక్కా, ఈ నెల ఎంతైతే ఎల్లుతది?" అనండి. సగమే ఎల్లుతుందంటే మిగిలింది ఏ తారీఖుకో ఆమెతోనే అనిపించండి. మీటింగ్‌లో ఆ తారీఖు మీరు చదవొద్దు, ఆమెనే చెప్పనివ్వండి. ఎవరైనా అరిస్తే "తారీఖు చెప్పింది కదా, రాసుకున్నం" అని తర్వాతి విషయానికి వెళ్లిపోండి.