స్మార్ట్ బల్బులు, కెమెరాలు పెరిగాక వైఫై తెగిపోతుంటే పెద్ద ప్లాన్ తీసుకోవాలా?

మీరు చెప్పిన పరిస్థితి ఇది: ఒడిశాలోని రాయగడలో రెండంతస్తుల ఇల్లు, 100 ఎంబీపీఎస్ ఫైబర్, కంపెనీవాళ్ళిచ్చిన రూటర్ ఒక్కటే, అదీ ముందుగదిలో. ఫోన్లు, టీవీలు కాక బల్బులు, ప్లగ్గులు, కెమెరాలు కలిపి ముప్పై దాకా ఉన్నాయి. సాయంత్రమైతే సగం బల్బులు ఆఫ్‌లైన్ అంటున్నాయి, వీడియో ఆగి ఆగి వస్తోంది. ఫోన్ చేస్తే 300 ప్లాన్‌కి మారమంటున్నారు.

మారకండి. స్మార్ట్ బల్బు వాడే డేటా దాదాపు ఏమీ లేదు. ముప్పై కలిపినా మీ 100లో ఓ మూలకి రావు. మీకు చాలనిది లైను వేగం కాకపోవచ్చు, ఇంట్లో గాలిలో నడిచే వైఫై. ఆ రెండూ వేరు. మాది పర్లాకిమిడి. ఇంచుమించు మీ పరిస్థితే మా ఇంట్లోనూ ఉండేది, ఇప్పుడు లేదు కాబట్టి రాస్తున్నాను.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. నెట్ ఆగిన క్షణంలో ఫోన్ పట్టుకుని రూటర్ పక్కనే నిలబడి, బ్రౌజర్‌లో దాని పేజీ తెరవండి. చాలావాటికి 192.168.1.1, లేదంటే అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. పేజీ టక్కున తెరుచుకుని బయటి సైట్లు మాత్రం రాకపోతే, మొదట అనుమానించాల్సింది లైనునే. చాలావాటిలో ఆ పేజీలోనే ఆప్టికల్ పవర్ అని ఒక అంకె చూపిస్తుంది, ఫైబర్‌లోంచి వచ్చే వెలుతురు ఎంత బలంగా ఉందో చెప్పేది, మైనస్‌లో ఉంటుంది. –20 ప్రాంతంలో ఉంటే హాయిగా ఉన్నట్టు. –27 దాటి –28, –29కి పోతే వెలుతురు సరిగ్గా అందడం లేదని అర్థం. కేబుల్ ఎక్కడో గట్టిగా వంగి ఉంటుంది, లేదా స్తంభం మీది పెట్టెలో జాయింటు పాడై ఉంటుంది. ఆ అంకెని స్క్రీన్‌షాట్ తీసి పంపండి. ఉత్తినే నెట్ స్లో అని చెబితే వచ్చిన అబ్బాయి పైనుంచి కిందకి చూసి "సబు ఠిక్ అఛి" (అంతా బాగానే ఉంది) అని ఒడియాలో చెప్పి వెళ్ళిపోతాడు. అంకె చూపిస్తే నిచ్చెన తెస్తాడు.

రూటర్ పక్కన నిలబడితే అన్నీ బాగానే వచ్చి, వెనక గదుల్లోనే ఆగుతుంటే లోపం మీ వైఫైదే. మా వీధిలో పాత ఇళ్ళన్నీ రైలుపెట్టెలా ఉంటాయి. వీధరుగు నుంచి పెరడు దాకా గది వెనక గది, మధ్యలో లావుపాటి గోడలు, అటూ ఇటూ పొరుగువాళ్ళతో ఉమ్మడి గోడ. అంటే మన సిగ్నల్ మన పెరటిదాకా పోదు కానీ పక్కింటివాళ్ళ సిగ్నల్ మాత్రం మన హాల్లోకి వస్తుంది. సాయంత్రం అందరూ ఇంటికొచ్చి టీవీలు పెట్టేసరికి ఆ గుంపు ఇంకా పెరుగుతుంది. మీకు సాయంత్రాలే ఇబ్బంది కావడానికి ఇదే కారణమై ఉండొచ్చు.

రూటర్ వైఫైని సాధారణంగా రెండు బ్యాండ్‌ల మీద, అంటే రెండు రేడియో దారుల మీద పంపుతుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. చవక బల్బులూ ప్లగ్గులూ దాదాపు అన్నీ 2.4 మాత్రమే పట్టుకుంటాయి. ఆ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకోని చానెళ్ళు మూడే: 1, 6, 11. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా వేసుకుని సాయంత్రం ఏడెనిమిదింటికి చూడండి, ఉదయం కాదు. మా దగ్గర చుట్టుపక్కల రూటర్లన్నీ 6 మీద, 11 మీద ఒకదానిమీదొకటి పడి కనిపించాయి, 1 దాదాపు ఖాళీ. రూటర్ సెట్టింగుల్లో చానెల్ ఆటో తీసేసి ఖాళీగా ఉన్నదాన్ని ఖాయం చేయండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి, 40 పెడితే ఆ ఇరుకు బ్యాండ్‌లో సగానికి పైగా మీరే ఆక్రమించినట్టు. చానెల్ ఆటోలో ఉంటే రూటర్ తనకు తోచినప్పుడు చానెల్ మార్చేస్తుంది, కొన్ని చవక పరికరాలు అప్పుడు దారితప్పి మళ్ళీ రావు.

తర్వాత రెండు బ్యాండ్‌లనీ ఒకే పేరుతో కలిపి చూపే స్మార్ట్ కనెక్ట్ అనో బ్యాండ్ స్టీరింగ్ అనో ఉండే ఆప్షన్ ఆపేసి, రెండు బ్యాండ్‌లకీ వేర్వేరు పేర్లు పెట్టండి. ఇక్కడొక చిన్న కిటుకు ఉంది. ఇప్పుడున్న పేరూ పాస్‌వర్డూ 2.4కే ఉంచండి, కొత్త పేరు 5 గిగాహెర్ట్జ్‌కి పెట్టండి. అప్పుడు బల్బులు వేటినీ మళ్ళీ కలపక్కర్లేదు, ఫోన్లూ టీవీలే కొత్త పేరులోకి మారతాయి. స్టూలెక్కి ఒక్కో బల్బునీ రీసెట్ చేసే బాధ తప్పుతుంది. రేపు రూటర్ మార్చినా ఇదే పద్ధతి. 2.4లో భద్రత డబ్ల్యూపీఏ2 పెట్టండి, డబ్ల్యూపీఏ3 మాత్రమే పెడితే పాత ప్లగ్గులు కలవవు.

ఇక కెమెరాలు. బల్బుల సంఖ్య చూసి భయపడనక్కర్లేదు కానీ కెమెరాల సంగతి వేరు, ఆగకుండా రికార్డు చేసేలా పెడితే అవి రాత్రింబవళ్ళు వీడియో పైకి పంపుతూనే ఉంటాయి. పైగా వైఫైలో ఒక చానెల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. పెరట్లో సిగ్నల్ సరిగా అందని కెమెరా నత్తనడకన పంపుతూ ఉంటే, రూటర్ పక్కనున్న ఫోన్ కూడా దాని వంతు అయ్యేదాకా ఆగాల్సిందే. మా ఇంట్లో అసలు తేడా ఇక్కడే వచ్చింది. వెనక కెమెరాని వైరుకి మార్చి, మిగతావాటిని కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా, అదీ మెమరీ కార్డులోకే వెళ్ళేలా పెట్టగానే, అప్పటిదాకా మొరాయిస్తున్న మోటారు ప్లగ్గు బుద్ధిగా పనిచేయడం మొదలెట్టింది.

టీవీ, కంప్యూటర్, కదలని వస్తువు ఏదైనా వైరుతో కలపగలిగితే కలపండి. క్యాట్6 అనే నెట్‌వర్క్ వైరు 100 మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా లాగొచ్చు. మీ పై అంతస్తుకి కూడా ఇదే చెబుతాను. రిపీటర్ కొనకండి. సిగ్నల్ చచ్చిన చోట దాన్ని పెడితే ఆ చచ్చిన సిగ్నల్‌నే మళ్ళీ పంచుతుంది. మూల పడి ఉన్న పాత రూటర్ ఉంటే దాని అడ్రసు (కిందిది 192.168.1.1 అయితే) 192.168.1.2 చేసి, పరికరాలకి అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ అనే ఆప్షన్‌ని ఆపేసి, కింది రూటర్ నుంచి వైరు తెచ్చి దాని ల్యాన్ పోర్టులో పెట్టండి. వైఫై పేరూ పాస్‌వర్డూ అవే ఇచ్చి, చానెల్ మాత్రం కిందిదానికి వేరుగా పెట్టండి. వైరు తప్ప వేరే ఖర్చు లేని రెండో వైఫై అది. వైరు డాబా మీదుగా బయట వేయాల్సి వస్తే మాత్రం, మన వైపు పిడుగుల సంగతి తెలిసిందే కదా, మబ్బు పట్టగానే రెండు చివరలా పీకేయాలి.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఇక్కడ స్తంభాలే కూలిపోయాయి, అది వేరే కథ. మామూలు రోజుల్లో కరెంటు రెప్పపాటు పోయినా రూటర్ రీస్టార్ట్ అవుతుంది, ఇన్వర్టర్ ఉన్నా కొన్ని రూటర్లు ఆ మధ్య క్షణాన్ని తట్టుకోలేవు. ఆ వెంటనే ముప్పై పరికరాలూ ఒకేసారి తోసుకుంటూ వస్తాయి, కొన్ని బయటే మిగిలిపోతాయి. రూటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చదవండి. చాలావరకు 12 వోల్టులే ఉంటుంది కానీ ఆంపియర్లు తేడా వస్తాయి.

అన్నట్టు, ఆఫ్‌లైన్ అయిన బల్బులన్నీ వైఫై మీదకే నెట్టకండి. మా అత్తగారికి పడుకునేముందు గోడ స్విచ్చులన్నీ ఆపే అలవాటు. స్విచ్చు ఆపితే ఏ బల్బైనా ఆఫ్‌లైనే. ఆవిడకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి ఆ రెండు గదుల్లో మామూలు బల్బులే పెట్టేశాం.

ఇన్నీ చేశాక కూడా, రూటర్ పక్కన వైరుతో కొలిచినప్పుడే మీ 100 రోజూ నిండిపోతోందని తేలితే, అప్పుడు ప్లాన్ మార్చుకోండి.