ముడతలు పడే రోలర్: లెవల్ పెట్టే ముందు ఫిల్మ్ ఎటు నుంచి వస్తోందో చూడండి

మీరు స్లిట్టర్ (వెడల్పు ఫిల్మ్‌ను సన్న పట్టీలుగా కోసే మెషిన్) మీద 12 మైక్రాన్ల పాలిస్టర్ ఫిల్మ్ నడుపుతుంటే ఒక రోలర్ దగ్గర ఏటవాలు ముడతలు వస్తున్నాయని, లేజర్ అలైన్‌మెంట్ వాళ్లను పిలిచే బడ్జెట్ లేదని, లెవల్ (రసమట్టం) పెట్టి చూస్తే రోలర్లన్నీ సరిగ్గానే ఉన్నాయని రాశారు. ఆ చివరి మాట చూసే ఈ జవాబు రాస్తున్నాను. జీడిమెట్లలో ఒక ప్యాకేజింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చేస్తున్నప్పుడు సరిగ్గా అక్కడే మాకు రెండు రోజులు పోయాయి.

మాది 1200 మి.మీ. వెడల్పు మెషిన్. మీటరుకు 0.02 మి.మీ. చూపించే లెవల్ తెచ్చి, ప్రతి రోలర్‌కూ షిమ్‌లు (కింద పెట్టే పలుచని రేకులు) వేసి బుడగను మధ్యకు తెచ్చాం. ముడత మాత్రం పోలేదు. కారణం తర్వాత తెలిసింది. ఆ రోలర్ దగ్గరికి ఫిల్మ్ నేలకు సమాంతరంగా వస్తోంది. అలాంటి చోట రోలర్ ఒక చివర కాస్త ఎత్తుగా ఉన్నా ఫిల్మ్ కొద్దిగా మెలితిరిగి సర్దుకుంటుంది. అదే ఒక చివర ముందుకో వెనక్కో జరిగితే మాత్రం ఒక అంచు బిగుస్తుంది, రెండోది వదులవుతుంది, ఫిల్మ్ వదులు వైపుకు జరగబోతుంది, ముడత పడుతుంది. లెవల్ ఈ తేడాను చూపించలేదు. ఫిల్మ్ పైనుంచి కిందికి దిగి రోలర్‌ను చేరుతుంటే సంగతి తారుమారు. అక్కడ లెవలే ముఖ్యం. మీ రోలర్ ఈ రెండింటిలో ఏదో ముందు తేల్చుకోండి.

దానికన్నా ముందు ఇంకో పని. తప్పు ఫిల్మ్‌లోనే ఉండొచ్చు. రోల్‌ను చివరలు మార్చి ఎక్కించి, ఇప్పటిదాకా పైనుంచి తీస్తుంటే కింది వైపు నుంచి తీసి నెమ్మదిగా నడపండి. వదులు అంచు అటు నుంచి ఇటు మారితే ఫిల్మ్ తప్పు. అదే వైపు ఉండిపోతే మెషిన్ తప్పు.

ముందు వెనకల తేడా పట్టడానికి మేము చేయించుకున్న సాధనం చాలా చిన్నది. ఒకదానిలో ఒకటి దూరే రెండు అల్యూమినియం పైపులు, బిగించడానికి ఒక స్క్రూ, రెండు చివర్లా గుండ్రటి మొనలు. మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి, ఎయిర్ ప్రెషర్ వదిలేశాక, రెండు రోలర్ల మధ్య ఆపరేటర్ వైపు దాన్ని పెట్టి, పైకీ కిందికీ కొద్దిగా ఊపుతూ, అన్నిటికన్నా తక్కువ దూరం దగ్గర మొనలు ఆనీ ఆననట్టు తగిలేలా బిగించాలి. తర్వాత అదే పైపును ఎదుటి చివరకు, అంటే గేర్ వైపుకు తీసుకెళ్లాలి. వదులుగా ఉంటే ఎంత వదులో ఫీలర్ గేజ్ (సందులో దూర్చి చూసే, మందం రాసి ఉన్న పలుచని రేకులు) చెబుతుంది. పట్టకపోతే గేర్ వైపు నుంచి మొదలుపెట్టి రావాలి. అసలు దూరం ఎన్ని మిల్లీమీటర్లో మనకు అక్కర్లేదు, రెండు వైపులా ఒకటేనా అన్నదే కావాలి. పైపును గుడ్డతో పట్టుకోండి, డిగ్రీ వేడికి మీటరు అల్యూమినియం దాదాపు 0.023 మి.మీ. సాగుతుంది. ఒకసారి చూశాక రోలర్‌ను అర చుట్టు తిప్పి మళ్లీ చూడండి. కొలత మారితే రోలరే వంగి ఉంది, షిమ్ వేసి లాభం లేదు.

పైపు లేకపోతే రెండు రోలర్ల చుట్టూ స్టీలు టేపు చుట్టి, రెండు చివర్లా స్ప్రింగ్ త్రాసుతో ఒకే బరువు లాగి చూడొచ్చు. రోలర్ల మధ్య దూరంలో అర మిల్లీమీటరు తేడా ఉంటే టేపు మీద ఒక మిల్లీమీటరు కనిపిస్తుంది. ఇది ముతక లెక్కే, కానీ పెద్ద తప్పు దొరికిపోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. పక్క రోలర్‌ను చూసి దీన్ని, దీన్ని చూసి తర్వాతిదాన్ని సరిచేస్తూ పోకండి. చిన్న చిన్న తప్పులు కూడుకుంటూ చివరి రోలర్ దగ్గర పెద్దవవుతాయి. కదపడం కష్టమైన మెయిన్ డ్రైవ్ రోలర్‌ను ఆధారంగా పెట్టుకుని, వీలైనంతవరకు అన్నీ దాని నుంచే కొలవండి. మధ్యలో ఏదైనా అడ్డొస్తే రోలర్ల రెండు చివర్ల నుంచి దారంతో గుండు దించి, నేల మీద గుర్తులు పెట్టి కొలవండి.

మా దగ్గర తేడా 0.6 మి.మీ. వచ్చింది. అంతకు నెల ముందు గేర్ వైపు బేరింగ్ మార్చినవాళ్లు బేరింగ్ బ్లాక్‌కు డోవెల్ పిన్ (బ్లాక్ పక్కకు జరగకుండా పట్టి ఉంచే పిన్) మళ్లీ కొట్టలేదు. బ్లాక్‌ను వెనక్కి జరిపి బోల్టులు బిగించాం, కొలిస్తే 0.2 మి.మీ. ఇంకా మిగిలే ఉంది. బిగించేటప్పుడే బ్లాక్ జరిగిపోయింది. మళ్లీ వదిలి, నాలుగు బోల్టులూ కొంచెం కొంచెంగా, ఎదురెదురువి బిగిస్తూ వచ్చాం. మీరు కూడా చివరి కొలత బోల్టులు పూర్తిగా బిగించాకే తీసుకోండి.