తాతగారి పెట్టెలో నికోబార్ బొమ్మ: అమ్మొచ్చా, లండన్ పంపొచ్చా?

ప్రశ్న: మా తాతగారు 1912 నుంచి 1921 వరకు పోర్ట్‌బ్లెయిర్‌లో సర్కారు గుమాస్తా. రెండు నెలల క్రితం నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే రెండడుగుల నికోబార్ కొయ్య మనిషి బొమ్మ, అండమాన్ విల్లు, నాలుగు బాణాలు, తాబేటి చిప్పతో చేసిన డబ్బీ కనిపించాయి. లండన్‌లో ఒక వ్యాపారి బొమ్మకు మంచి ధర ఇస్తానంటున్నాడు. అక్కడే ఉన్న మా అమ్మాయి సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తానంటోంది. అమ్మ లేదు, వీలునామా లేదు. మేం ముగ్గురు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. ఏం చేయాలి?
(ఓ పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ముందు సూట్‌కేసు ఆలోచన మానుకోండి. పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం ఎగుమతి అంటే వ్యాపారం ఒక్కటే కాదు, వస్తువును ఏ రకంగా దేశం దాటించినా ఎగుమతే. కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థ తప్ప ఇంకెవరూ ఆ పని చేయకూడదు (సెక్షన్ 3). శిక్ష 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, పైన జరిమానా. పార్సిల్ మీద ‘హస్తకళ’ అని రాయించమని వ్యాపారి చెప్తే అసలు వినకండి. కస్టమ్స్ కేసు పడేది మీ మీద, అతని మీద కాదు.

100 ఏళ్లు నిండిన వస్తువు ఈ చట్టం కిందికి వస్తుంది. 1921లోపు పోర్ట్‌బ్లెయిర్‌లో సంపాదించినవైతే మీ బొమ్మా, విల్లూ, బాణాలూ అన్నీ వస్తాయి. వయసు మీద వివాదం వస్తే తేల్చేది భారత పురావస్తు సర్వేక్షణ (ఏఎస్ఐ) డైరెక్టర్ జనరల్. అందుకే తాతగారి సర్వీసు పుస్తకం, పెన్షన్ కాగితాలు, ఉత్తరాలు, ఆఖరికి ట్రంకుపెట్టె మీది పాత చీటీ కూడా పారేయకండి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. దేశం దాటించకూడదన్న నిషేధం ప్రతి పురావస్తువుకూ ఉంది. నమోదు మాత్రం ప్రభుత్వం నోటిఫై చేసిన (ప్రకటించిన) రకాలకే తప్పనిసరి. చెక్కిన కొయ్య శిల్పాలు ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి బొమ్మను నమోదు చేయించాలి, విల్లు బాణాలకు అక్కర్లేదు. చేతికొచ్చిన 15 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. మీకు ఆ గడువు దాటిపోయింది. అయినా ఊరుకోకండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం జతచేసి, పెట్టె ఎప్పుడు తెరిచారో రాసి, విజయవాడలోని ఏఎస్ఐ అమరావతి సర్కిల్ ద్వారా రిజిస్టరింగ్ అధికారికి ఇవ్వండి. పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపులా ఫొటోలు తీయండి. కొలతలు, విరిగిన చోట్లు, మీ చేతికి ఎలా వచ్చిందో రాయండి. తాతగారు కొన్నారో, పొగాకు ఇచ్చి మార్చుకున్నారో, ఊరికే తీసుకున్నారో తెలియకపోతే తెలియదనే రాయండి. నమోదు చేస్తే ప్రభుత్వం లాక్కుంటుందన్న భయం వద్దు, యాజమాన్యం మీదే. నమోదు చేయకపోతేనే 6 నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు, వస్తువునూ జప్తు చేయొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం ఆ చిన్న డబ్బీతోనే. సముద్రపు తాబేళ్లన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. వారసత్వంగా వచ్చిన వస్తువు గురించి 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలపాలి. మీకింకా నెల రోజులుంది. ఈ డబ్బీకి అడవి శాఖ నుంచి ఎప్పుడైనా యాజమాన్య పత్రం తీసుకున్నారేమో నాన్నగారి కాగితాల్లో వెతకండి. లేకపోతే అడవి శాఖకు వెళ్లేముందు మీ ఊరి న్యాయవాదితో డిక్లరేషన్ రాయించండి. దాన్ని అమ్మడం, కానుకగా ఇవ్వడం చేయకండి.

దేశంలోనే బొమ్మను ఒక్కసారి అమ్ముకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, లైసెన్సు వ్యాపారం చేసేవాళ్లకి. చేతులు మారిన సంగతి మాత్రం రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి. అయినా అమ్మొద్దనే నా సలహా. నికోబార్ దీవుల్లోని నాన్‌కౌరీ ప్రాంతపు నికోబారీలు ఇలాంటి బొమ్మలను కళ కోసం చెక్కలేదు. జబ్బు చేసినప్పుడు, కీడు సోకకుండా ఉండాలని, మెన్లువానా అనే వైద్యుడు చెప్తే చెక్కి ఇంట్లో నిలబెట్టుకునేవారు. 1869 నుంచి 1901 దాకా ఆ దీవుల్లో పనిచేసిన ఇ.హెచ్.మాన్ వంటి బ్రిటిష్ అధికారుల ద్వారా వాళ్ల వస్తువులు బ్రిటిష్ మ్యూజియానికీ, ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియానికీ చేరాయి. నికోబార్ దీవుల్లో చాలా ఊళ్లను 2004 సునామీ ఊడ్చేసింది. వస్తువును ఆ జనానికి తిరిగి ఇవ్వాలని ఈ చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు. అది చట్టంలోని లోపమని నేను గట్టిగా నమ్ముతాను. మీకై మీరు ఇవ్వడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఇవ్వాలనుకుంటే ఇప్పుడు శ్రీవిజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్‌లో మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ నడిపే మ్యూజియం ఉంది. ముందు ఫొటోలతో ఉత్తరం రాయండి, వాళ్లు ఒప్పుకున్నాకే పంపండి. కదిలే ఆస్తి కాబట్టి వస్తువు అప్పగిస్తే దానం పూర్తవుతుంది (ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 123). అయినా దానపత్రం రాసుకోండి. బొమ్మ ఎక్కడిదో, మీకెలా వచ్చిందో, నికోబారీలు అడిగినప్పుడు చూపించాలనీ అందులో ఉండాలి. అప్పటిదాకా వార్నిష్ పూయకండి, రంగు రుద్దకండి, పురుగుమందు కొట్టకండి. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పొడిచోట ఉంచండి.

వీలునామా లేదు గనక నలుగురికీ సమాన వాటా. అమ్మినా, ఇచ్చినా మీ చెల్లెలి సంతకం కూడా ఉండాలి. ఆమెను అడగకుండా ముగ్గురన్నదమ్ములే సంతకాలు పెట్టి పంపితే, ఆ పత్రం ఆమె వాటాకు చెల్లదు.