మత్తు ఎవరిస్తారని అడిగారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్ళు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. చిన్నవాడికి ఏడాదిన్నర. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, పిల్లలు పుట్టకుండా కూడా మాత్రలు వాడుతున్నాను. ఆరు వారాల్లో మా మరిది పెళ్ళి. ఒక క్లినిక్‌కి వెళ్తే "ఒక్క సిట్టింగ్‌లో లైపోసక్షన్‌తో పొట్ట, నడుము కలిపి 8 కిలోల కొవ్వు తీసేస్తాం, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నారు. లక్షా నలభై వేలు, ఈఎంఐ ఉంది. 20 వేలు అడ్వాన్స్ కట్టేశాను. మా ఆయన నీ ఇష్టం అంటున్నారు. మా అత్తమ్మ మాత్రం సినిమా నటి ఆర్తి అగర్వాల్ పేరు చెప్పి "కోసుకొని సన్నగైతరా బిడ్డా?" అని రోజూ భయపెడుతోంది. నిజంగా అంత ప్రమాదమా? పేరు వేయకండి.
- ఒక సోదరి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అడ్వాన్స్ కట్టాక ఉత్తరం రాశారంటే, మీ అత్తమ్మ మాట మీలో ఎక్కడో పనిచేస్తున్నట్టే. ముందే చెప్తున్నా, నేను కోసే డాక్టర్ని కాదు, మత్తు డాక్టర్ని. ఈ ఊళ్ళో 31 ఏళ్ళు ఆపరేషన్ బల్లకు తలవైపు స్టూలు మీద కూర్చున్నదాన్ని. సర్జన్లు పొట్టను చూస్తారు, మేం మనిషిని చూస్తాం. (ఈ మాటకు నా సర్జన్ మిత్రులు ఫోన్ చేసి తిడతారు, తిట్టనివ్వండి.)

ఆ 8 కిలోల సంగతి చూద్దాం. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చేయడం. అది మొదలుపెట్టే ముందు కొవ్వులోకి లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తారు. అందులో మొద్దుబారడానికి లిగ్నోకెయిన్, రక్తం కారకుండా అడ్రినలిన్ కలుపుతారు. 1980లలో జెఫ్రీ క్లైన్ అనే అమెరికా చర్మవైద్యుడు తెచ్చిన పద్ధతి ఇది. దీనివల్ల రక్తం పోవడం బాగా తగ్గింది, కాదనను. పొట్ట పుచ్చకాయలా బిగిశాక, సన్నటి గొట్టాన్ని చర్మం కింద ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పీలుస్తారు. పక్కన సీసా నిండుతుంది. ఆ సీసాను బయటికి తెచ్చి చూపిస్తే ఇంట్లోవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. అదే సీసాను కాసేపు కదపకుండా ఉంచితే పైన నెయ్యి రంగులో కొవ్వు తేలుతుంది, అడుగున రోజ్‌మిల్క్ రంగు నీళ్ళు దిగుతాయి. ఆ నీళ్ళలో చాలావరకు వాళ్ళు ఎక్కించినవే. సీసా మొత్తం మీ ఒంట్లో కొవ్వే అనడం, చింతపండును గింజలతో సహా తూచడం లాంటిది.

5 లీటర్లు దాటి పీలిస్తే దాన్ని పెద్ద ఆపరేషన్‌గానే చూడాలి, రాత్రంతా ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకోవాలి అన్నది ప్లాస్టిక్ సర్జన్లు తమకు తామే గీసుకున్న గీత. 8 కిలోలు తీసి సాయంత్రానికి పంపేస్తామని ఎవరైనా అంటే, అందులో ఒక మాటైనా అబద్ధమై ఉండాలి. రెండూ నిజమైతే ఇంకా భయం.

ఎందుకంటారా? చాలా ఏళ్ళ కిందట, ఒకే థియేటర్ ఉన్న ఒక నర్సింగ్‌హోమ్‌లో ఒకమ్మాయికి తొడలకు మధ్యాహ్నం లైపోసక్షన్ చేశారు. సాయంత్రం టీ తాగింది, నవ్వుతూ ఆటో ఎక్కింది. ఇంటికి వెళ్ళొచ్చని సంతకం పెట్టింది నేనే. రాత్రి పదకొండింటికి వాళ్ళమ్మ ఫోన్: "పెదాలు తిమ్మిరెక్కాయంటోంది మేడమ్, చెవుల్లో గుయ్‌మంటోందట, మాట ముద్దముద్దగా వస్తోంది. నిద్రమత్తేమో?" నిద్రమత్తు కాదు. కొవ్వులోకి ఎక్కించిన లిగ్నోకెయిన్ నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది. తారస్థాయికి చేరేసరికి ఎనిమిది, పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇంకా పెరిగితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. ఆ పిల్లను వెనక్కి రప్పించి తెల్లారేదాకా మానిటర్ ముందు కూర్చున్నాను. బతికింది. ఇప్పటికీ రాత్రిపూట ఫోన్ మోగితే నాకు ముందు ఆ గొంతే గుర్తొస్తుంది.

అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ వేరేచోట కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు దాటనివ్వం. ఈ పద్ధతిలో 35 దాకా వెళ్తారు. మీ 74 కిలోలకు అది 2,590 మిల్లీగ్రాములు. ఆ లెక్క ఎవరు వేస్తారు, ఎవరు కాగితం మీద రాస్తారు? "లోకల్ మత్తే కదా, మత్తు డాక్టరెందుకు" అనే చోట ఆ పని ఎవరిదీ కాదు.

రెండోది మీ మాత్రలు. పిల్లలు పుట్టకుండా వాడే మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ దాన్ని ఇంకా పెంచుతుంది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అమెరికా ప్లాస్టిక్ సర్జన్లను అడిగి తీసి, 2000లో అచ్చేసిన లెక్కలో దాదాపు 5,000 లైపోసక్షన్లకు ఒక మరణం తేలింది. కారణాల్లో మొదటిది ఈ గడ్డలే. అలాంటి మాత్రలను కనీసం నాలుగు వారాల ముందే ఆపించి, వేరే పద్ధతికి మారుస్తారు. క్లినిక్‌లో ఈ ప్రశ్న అడిగారా? మీ ఉత్తరంలో ఈఎంఐ మాట ఉంది గానీ ఈ మాట లేదు.

అన్నిటికన్నా నన్ను ఆపింది మీ రెండు సిజేరియన్లు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొంచెం పైకెత్తండి. బొడ్డుకు పైనా కిందా వేళ్ళతో తడమండి. మధ్యలో రెండు మూడు వేళ్ళు దిగేంత సందుంటే కండరాలు విడిపోయాయన్నమాట. ఆ పొట్టను ఏ గొట్టమూ లోపలికి పంపలేదు. దానికి ఫిజియోథెరపిస్టు కావాలి. పాత కోత దగ్గర ఉబ్బెత్తుగా వస్తే హెర్నియా కావచ్చు. అందులోకి పేగు జారి ఉంటే, గొట్టం చూడకుండా పొడిచేది దాన్నే. పైన ఆపరేషనయ్యాక వేసే బిగుతు తొడుగు, లోపల నొప్పి మాత్రలు ఉంటాయి కాబట్టి పేగుకు చిల్లు పడిన సంగతి ఒకటి రెండు రోజులు బయటపడకపోవచ్చు కూడా. కాబట్టి ముందు జనరల్ సర్జన్‌కు చూపించండి, పొట్ట గోడకు అల్ట్రాసౌండ్ తీయించండి.

ఇంత చేసినా ఆరోగ్యం బాగుపడుతుందా అంటే, అదీ లేదు. షుగరు తెచ్చేది పేగుల చుట్టూ ఉండే కొవ్వు. గొట్టం అక్కడికి పోదు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధనలో 15 మంది లావుపాటి స్త్రీలకు సుమారు 10 కిలోల చొప్పున కొవ్వు తీశారు. మూడు నెలలకు చూస్తే బీపీ, కొలెస్ట్రాల్, ఇన్సులిన్ పనితీరు ఎక్కడివక్కడే ఉన్నాయి. మీ బీఎమ్ఐ, అంటే ఎత్తుతో పోల్చి వేసే బరువు లెక్క, 29.6. మనవాళ్ళకు 25 దాటితే ఊబకాయం కిందే లెక్క, కాబట్టి తగ్గాలి, నిజమే. థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎంతుందో చూపించుకుని ఫిజీషియన్ దగ్గర మొదలుపెట్టండి. ఆరు వారాల్లో రెండు మూడు కిలోలు తగ్గితే గొప్పే.

పెళ్ళి మాటకొస్తే, ఆపరేషనయ్యాక మొదటివారం వాపుతో బరువు పెరిగినా పెరుగుతుంది. బిగుతు తొడుగు సాధారణంగా నాలుగైదు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలూ వేసుకోవాలి, వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది. అంటే మరిది పెళ్ళిలో పట్టుచీర కింద అదే ఉండొచ్చు. జాకెట్ కొలతలిచ్చే ముందు టైలరుకు కూడా చెప్పాలి.

తర్వాతెప్పుడైనా, బరువు కోసం కాకుండా ఆకారం కోసం చేయించుకోవాలనిపిస్తే నేను వద్దనను. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పై డిగ్రీ చేసినవాళ్ళ దగ్గరకు వెళ్ళండి. ఉస్మానియాలో, నిమ్స్‌లో ఆ విభాగాలున్నాయి, ఒక ఓపీ చీటీతో రెండో అభిప్రాయం దొరుకుతుంది. మత్తు ఎవరిస్తారు, ఆ డాక్టరు ముందు రోజే మిమ్మల్ని చూస్తారా, రాత్రి పక్కన ఎవరుంటారు అని అడగండి. రిసెప్షన్ అమ్మాయి జవాబు చెప్పడానికి తడబడితే లేచి వచ్చేయండి. 20 వేలు వెనక్కి అడగండి. ఇవ్వకపోయినా లేచి వచ్చేయండి.

ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో 31 ఏళ్ళకే పోయారు. కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. మీ అత్తమ్మకు ఆ పేరు ఇన్నేళ్ళయినా గుర్తుందంటే, ఆవిడకు మీరంటే ఎంత ప్రేమో చూడండి.

ప్రశ్న: కోత లేకుండా మిషన్‌తో కొవ్వును గడ్డకట్టించి కరిగిస్తారట. నడుముకు చేయించుకోవచ్చా మేడమ్?
- ఒక ఐటీ ఉద్యోగి, మియాపూర్

జవాబు: పిడికిట్లో పట్టేంత కొవ్వుకైతే కొంచెం పనిచేస్తుంది. బరువు తగ్గదు. కొద్దిమందిలో మాత్రం చల్లబరిచిన చోటే కొవ్వు కరగకపోగా గట్టిపడి పెరుగుతుంది. తనకు అలాగే జరిగిందని లిండా ఎవాంజెలిస్టా అనే ప్రఖ్యాత మోడల్ 2021లో బయటపెట్టారు. అలా పెరిగినదాన్ని తీయాలంటే చివరికి లైపోసక్షనే చేయాలి. అప్పుడు మీరు పై ఉత్తరానికి నేను రాసిన జవాబు మొదటినుంచీ చదువుకోవాల్సి వస్తుంది.